చెప్పని తిమ్మిరి: కీమో తరువాత నరాల నష్టంతో జీవించడం గురించి

సభకు నమస్కారం.

క్యాన్సర్ చికిత్స పూర్తయినవారు, ఇంకా మధ్యలో ఉన్నవారు, వారి వెంట ఉండి చూసుకుంటున్నవారు ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు నాకు ముందే చెప్పారు. నేను నరాల వైద్యుడిని. క్యాన్సర్‌కు చికిత్స చేసేది నేను కాదు. ఆ చికిత్స జరిగిన తరువాత కాళ్లూ చేతులూ మొద్దుబారి, అరికాళ్లు మండుతూ, నడకలో పట్టు తప్పి వచ్చేవారిని చూస్తుంటాను. నొప్పి ఉన్నవారు త్వరగా వస్తారు. తిమ్మిరి మాత్రమే ఉన్నవారు ఆలస్యంగా వస్తారు, లేదా పడిపోయి మణికట్టు విరిగిన తరువాత ఎముకల వైద్యుడు పంపితే వస్తారు. ప్రమాదం మాత్రం తిమ్మిరిలోనే ఎక్కువ. నొప్పి మనిషిని నిద్రపోనివ్వదు కనుక దాన్ని దాచడం కష్టం. స్పర్శ పోవడం అలా కాదు, రోగి నోరు విప్పి చెప్పేవరకూ ఇంట్లోవారికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ చెప్పడం గురించే, ఎందుకంటే ఈ సమస్యలో మనకున్న సాధనాలు చాలా తక్కువ, వాటిలో బాగా పనిచేసేది అదొక్కటే.

ఎందుకు చెప్పరు అని అడిగితే కారణాలు అర్థం చేసుకోదగినవే. చెబితే కీమో ఆపేస్తారేమో, ఆపితే జబ్బు తిరగబెడుతుందేమో అన్న భయం మొదటిది. ప్రాణం దక్కింది, కాళ్లు కాస్త మొద్దుబారితే ఏమిటి అన్న మొహమాటం రెండోది. మూడోది మా వైపు తప్పు: రక్తపరీక్షల అంకెలు, స్కాన్ ఫలితాలు చూసేసరికే వైద్యుడికి కేటాయించిన సమయం అయిపోతుంది, తిమ్మిరికి అలాంటి అంకె ఏదీ కాగితం మీద కనిపించదు. నరాల విద్యుత్ పరీక్ష ఉంది గానీ అది పెద్ద నరపోగుల పనితీరునే కొలుస్తుంది; మంటనూ వేడిచల్లదనాలనూ మోసుకుపోయే సన్నని పోగులు దెబ్బతిన్నా ఆ పరీక్షలో అంతా బాగానే ఉన్నట్లు రావచ్చు. కాబట్టి ఇక్కడ రోగి మాటే పరీక్షాఫలితం.

ఇంతకీ జరిగేదేమిటో చూద్దాం. పాదాలకు వెళ్లే నాడీకణాలు శరీరంలోకెల్లా పొడవైనవి. కణం అసలు భాగం నడుము వద్ద వెన్నెముకను ఆనుకుని ఉండే చిన్న ముడిలో ఉంటుంది, దాని తీగ ఇంచుమించు ఒక మీటరు సాగి బొటనవేలిని చేరుతుంది. ఆ చివర బతకడానికి కావలసిన ప్రొటీన్లు, శక్తినిచ్చే మైటోకాండ్రియాలు చాలావరకు పైనున్న కణంలో తయారై, మైక్రోట్యూబ్యూల్స్ అనే అతి సన్నని గొట్టాల వెంట అంత దూరమూ ప్రయాణించి రావాలి. కాలువలో నీరు తగ్గినప్పుడు మొదట ఎండేది చిట్టచివరి మడి. ఈ రవాణా మందగించినా అంతే, ముందుగా దెబ్బతినేవి కాలివేళ్లు. అక్కడి నుంచి పాదానికి, చీలమండకు, పిక్కకు పాకుతుంది. తిమ్మిరి మోకాలి దరిదాపులకు వచ్చే సమయానికి సాధారణంగా చేతివేళ్లలోనూ మొదలవుతుంది, ఎందుకంటే వేళ్లను చేరే నరాల పొడవూ దాదాపు అంతే. రెండు వైపులా సమానంగా, మేజోళ్లు తొడుక్కునేంత మేర ఉండటం దీని గుర్తు.

ఏ చర్య క్యాన్సర్ కణాన్ని చంపుతుందో అదే నరాన్నీ దెబ్బతీస్తుంది. ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ అనే కీమో మందులు ఆ సన్నని గొట్టాలను విడిపోనివ్వకుండా బిగించేస్తాయి. బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ అవి ఏర్పడకుండానే అడ్డుపడుతుంది. రెండు విధాలా క్యాన్సర్ కణం రెండుగా చీలలేక చనిపోతుంది. నాడీకణం చీలదు, కానీ దాని రవాణా అంతా ఆ గొట్టాల మీదే నడుస్తుంది. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ వంటి ప్లాటినం మందుల దారి వేరు. అవి డీఎన్ఏకు అంటుకుంటాయి. రక్తంలోని మందులు మెదడులోకి చొరబడకుండా కాపాడే గట్టి అడ్డుగోడ వెన్నెముక పక్కనున్న ఆ ముడులకు లేదు కనుక నేరుగా అక్కడి కణాల మీదే దెబ్బ పడుతుంది. ఎముక మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్, థాలిడమైడ్ కూడా ఈ జాబితాలోవే. విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో, సిస్‌ప్లాటిన్‌కు 1978లో అనుమతి లభించింది. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఈ నష్టాన్ని ముందుగానే ఆపగలిగే మాత్ర గానీ సూది గానీ ఇప్పటికీ లేదు.

మందును బట్టి లక్షణాల నడక మారుతుంది, ఆ తేడా తెలిసి ఉండటం అవసరం. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన కొన్ని గంటల్లోనే చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లకు షాక్ కొట్టినట్లు ఉండటం, చల్లని నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆగినట్లు అనిపించడం జరగవచ్చు. చాలామంది దీనితో హడలిపోతారు. ఇది తాత్కాలికం, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అన్ని రోజులూ చల్లదనానికి దూరంగా ఉంటే సరిపోతుంది. తరువాతి విడతల్లో నెమ్మదిగా పేరుకుంటూ వచ్చే తిమ్మిరి వేరు, నిలిచిపోయేది అదే. విన్‌క్రిస్టిన్ మలబద్ధకాన్ని తెస్తుంది, పాదం పైకెత్తలేని బలహీనతనూ తేవచ్చు. వంశపారంపర్యంగా నరాల జబ్బు ఉన్న కుటుంబాల్లో ఇది తీవ్రంగా ఉంటుంది కనుక అలాంటి చరిత్ర ఉంటే చికిత్సకు ముందే చెప్పాలి. సిస్‌ప్లాటిన్ వినికిడిని కూడా తగ్గిస్తుంది, చెవిలో హోరు పుట్టిస్తుంది.

ప్లాటినం మందుల విషయంలో ఇంకొక సంగతి కుటుంబసభ్యులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చికిత్స ఆపిన తరువాత కూడా రెండు నుంచి ఆరు నెలల పాటు తిమ్మిరి పెరుగుతూ పోవచ్చు. మందు ఆపేశారు, స్కాన్ బాగుంది, అందరూ సంబరపడుతున్నారు, మనిషి మాత్రం రోజురోజుకూ నడవలేకపోతున్నాడు. ఇలాంటప్పుడు రోగి జబ్బు తిరగబెట్టిందని భయపడతాడు, ఇంట్లోవారు అది మనసులో భయం వల్లనని సర్దిచెబుతారు. చాలాసార్లు ఆ రెండు అనుమానాలూ నిజం కావు. ఈ పెరుగుదల ఉంటుందని చివరి కీమో రోజునే చెప్పడం మా బాధ్యత. చెప్పకపోతే మీరే అడగండి.

ఇది ఎంతమందికి వస్తుంది, ఎంతమందికి పోతుంది అన్న ప్రశ్నకు వద్దాం. 2014లో వెలువడిన ఒక సమీక్ష 31 అధ్యయనాల్లోని 4,179 మంది వివరాలను కలిపి చూసింది. కీమో ముగిసిన మొదటి నెలలో 68 శాతం మందిలో, మూడు నెలలప్పుడు 60 శాతం మందిలో, ఆరు నెలలకూ ఆ పైనా 30 శాతం మందిలో నరాల నష్టం కనిపించింది. అంటే తగ్గేవారు ఎక్కువే, కానీ మూడింట ఒక వంతుకు దగ్గరగా మందిలో నిలిచిపోతుంది. తగ్గడం కూడా నెమ్మదే. తెగిన నరపు తీగ తిరిగి పెరిగే వేగం అనుకూల పరిస్థితుల్లో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి బొటనవేలి దాకా ఉన్న దూరాన్ని దానితో భాగించి చూసుకోండి. ముడిలోని కణమే చనిపోయి ఉంటే ఆ తీగ ఇక పెరగదు. అందుకే రెండేళ్ల తరువాత ఎంత మిగిలి ఉందో దానితోనే బతకడం నేర్చుకోవాలని నేను నా రోగులకు దాపరికం లేకుండా చెబుతాను. ఈ మాట కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అని ఎదురుచూస్తూ ఇంట్లో మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా పెట్టించుకోకుండా గడిపేవారిని చూశాక, ఆశ పెట్టడం కన్నా ఇదే మేలనిపించింది.

ముందుగా ఆపే మందు లేదన్నాను. క్యాన్సర్ వైద్యుల సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2020లో సవరించిన మార్గదర్శకాల్లో నివారణకు ఏ మందునూ సిఫారసు చేయలేదు. ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే పోషక పదార్థం నరాలను కాపాడుతుందన్న ఆశతో రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. అది వాడినవారిలో 24 వారాలకు తిమ్మిరి తగ్గకపోగా పెరిగింది. ఆక్సాలిప్లాటిన్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం ఎక్కించే పద్ధతి కొన్నేళ్లు విరివిగా నడిచింది, పెద్ద పరీక్షలో దానివల్ల ప్రయోజనం లేదని తేలింది. నరాల బలానికంటూ దొరికే విటమిన్ మాత్రల గురించి ఇక్కడే ఒక మాట. బీ12 లోపం ఉంటే తప్పక సరిచేయాలి. బీ6 మాత్రం ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే తానే నరాలను పాడుచేస్తుంది. మీరు వేసుకుంటున్న మాత్రల పెట్టెలన్నీ ఒకసారి సంచిలో వేసుకుని వచ్చి చూపించండి.

మరి చేతిలో ఉన్నదేమిటంటే మందు మోతాదు, వ్యవధి, ఇచ్చే పద్ధతి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తరువాత ఆక్సాలిప్లాటిన్ ఆరు నెలలు ఇవ్వాలా, మూడు నెలలు చాలా అన్న ప్రశ్నపై ఆరు పరీక్షల్లోని పన్నెండు వేలకు పైగా రోగుల ఫలితాలు కలిపి 2018లో ప్రచురించారు. రోజువారీ పనులకు అడ్డువచ్చే స్థాయి నరాల నష్టం ఆరు నెలల వర్గంలో 45 శాతం ప్రాంతంలో ఉంటే, మూడు నెలల వర్గంలో 15 శాతం ప్రాంతంలో ఉంది. జబ్బు తిరగబెట్టే ముప్పు తక్కువగా ఉన్న దశల్లో, ముఖ్యంగా ఒక రకం మందుల కలయికతో, మూడు నెలలు దాదాపు సరిపోతాయని తేలింది. ముప్పు ఎక్కువగా ఉన్నవారి లెక్క వేరు, అది మీ క్యాన్సర్ వైద్యుడు తేల్చాలి. బోర్టెజోమిబ్‌ను రక్తనాళంలోకి కాకుండా చర్మం కిందికి ఇస్తే, మైలోమాపై ప్రభావం తగ్గకుండానే, నరాల నష్టం 53 శాతం నుంచి 38 శాతానికి తగ్గినట్లు 2011లో చూపించారు. ఈ సర్దుబాట్లలో మోతాదు తగ్గించడం, ఒక విడత వాయిదా వేయడం, మందు మార్చడం వంటివి మాత్రం తిమ్మిరి ఉందని ఎవరైనా చెబితేనే మొదలవుతాయి. చెబితే కీమో మొత్తం ఆపేస్తారన్న భయానికి నా జవాబు ఇదే: వేళ్ల చివర తిమ్మిరి మొదలైనప్పుడే చెబితే మీ వైద్యుడికి నాలుగు దారులుంటాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితిలో చెబితే ఆపడం ఒక్కటే మిగులుతుంది.

చెప్పే తీరు గురించి కూడా ఆలోచించండి. కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయి అన్న మాట అందరి నోటా ఒకేలా వినిపిస్తుంది, దానితో వైద్యుడికి తీవ్రత అందదు. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియలేదు, తాళంచెవి జేబులో చేతికి తగలడం లేదు, ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలుతున్నాను అని చెప్పండి. ఆ చివరి మాట నాకు ఎంతో ఉపయోగపడుతుంది. నిలబడినప్పుడు పాదం ఎక్కడ ఉందో మెదడుకు చెప్పే నరాలు పనిచేయకపోతే ఆ పని కళ్లు చేస్తుంటాయి. కళ్లు మూసిన క్షణాన ఆ సాయమూ పోతుంది.

నొప్పికి మందు ఉంది, పరిమితంగా. డ్యూలోక్సెటిన్‌పై 231 మందితో జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, నొప్పి ఎంతో కొంత తగ్గిందన్నవారు ఆ మందు వాడినవారిలో 59 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 38 శాతం. ఇందాక చెప్పిన 2020 మార్గదర్శకాలు చికిత్సకు సిఫారసు చేసినది ఈ ఒక్క మందునే. పోయిన స్పర్శను తిరిగి తెస్తుందని ఆశించి దీన్ని వాడకూడదు. డిప్రెషన్‌కు ఇచ్చే మందు కదా, నాకెందుకు రాశారు అని కొందరు మానేస్తారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలను అణచే దారిపై కూడా అది పనిచేస్తుంది కనుక రాస్తారు. ఉన్నట్టుండి మానకూడదు, మోతాదు తగ్గించుకుంటూ మానాలి. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఒక్కటి గమనించాలి. టామోక్సిఫెన్‌ను శరీరంలో పనిచేసే రూపానికి మార్చే ఎంజైమును డ్యూలోక్సెటిన్ కొంతమేర అడ్డుకుంటుంది. కాబట్టి ఈ రెండు మందుల చీటీలూ ఒకే వైద్యుడి కంట పడాలి. నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రెగాబాలిన్ విరివిగా రాస్తున్నారు, నేనూ కొందరికి రాస్తాను, కొందరికి మేలు చేస్తాయి. కానీ కీమో వల్ల వచ్చిన నొప్పిలో వాటికున్న ఆధారం పలుచన. పైగా అవి మత్తుగా, తూలినట్లుగా చేస్తాయి, నడకలో పట్టు లేనివారికి అది కొత్త ప్రమాదం.

ఇక ఇంటి విషయానికి వస్తాను, ఎక్కువ జీవితం గడిచేది అక్కడే. క్యాన్సర్ నుంచి బయటపడిన 512 మంది స్త్రీలపై 2017లో వచ్చిన అధ్యయనంలో, జబ్బు గుర్తించి సగటున ఆరేళ్లు గడిచినా 47 శాతం మందికి తిమ్మిరి ఉంది, అలాంటివారు పడిపోవడం మిగిలినవారికన్నా 1.8 రెట్లు ఎక్కువ. చీకటిలో కళ్ల సాయం ఉండదు కనుక మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. నేల మీద జారే పట్టాలు, అడ్డంగా వైర్లు ఉండకూడదు. ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగవద్దు. మడమ దగ్గర పట్టు ఉండే, అరికాలి కింద మరీ మెత్తగా లేని పాదరక్షలు వాడండి, ఎందుకంటే మందపాటి మెత్తని అడుగు మిగిలి ఉన్న కాస్త స్పర్శనూ మింగేస్తుంది. తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, చేతికీ తెలియకపోతే బోర్లించి దులపండి. నీటి వేడిని పాదంతో పరీక్షించవద్దు, మోచేతితో చూడండి, లేదా థర్మామీటరు వాడండి. చల్లబడిన కాళ్లకు వేడినీళ్ల సంచి పెట్టుకుని బొబ్బలు తెచ్చుకున్నవారు, కాలిన సంగతి మరునాడు గానీ తెలియనివారు ఉన్నారు. రోజూ ఒకసారి అరికాళ్లను కంటితో చూసుకోవాలి, వంగలేనివారు అద్దం వాడాలి. వాహనం నడిపేవారు బ్రేకు మీద కాలు ఎంత నొక్కుతోందో తెలియకపోతే నడపడం మానాలి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

వ్యాయామం గురించి చెప్పే మాటలు చాలా సభల్లో మొక్కుబడిగా ఉంటాయి గనుక కాస్త నిర్దిష్టంగా చెబుతాను. నడక మంచిదే, కానీ ఇక్కడ కావలసింది నిలకడ సాధన: పట్టు దొరికే గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి నడవడం, మెత్తని పరుపు మీద నిలబడి బరువు అటూ ఇటూ మార్చడం. మొదట ఫిజియోథెరపిస్టు కళ్లెదుట చేయాలి. 2024లో జర్మనీ నుంచి వెలువడిన పరీక్షలో ఆక్సాలిప్లాటిన్ లేదా విన్‌క్రిస్టిన్ తరహా మందులు తీసుకుంటూ అదే సమయంలో ఇలాంటి సాధన చేసినవారిలో నరాల నష్టం తలెత్తినవారు, ఏ సాధనా చేయనివారికన్నా బాగా తక్కువ. ప్యాక్లిటాక్సెల్ ఎక్కించేటప్పుడు చేతులకు, పాదాలకు చల్లని తొడుగులు వేయడం, బిగుతు తొడుగులతో ఒత్తిడి కలిగించడం కూడా కొన్ని పరీక్షల్లో మేలు చేశాయి. ఆక్సాలిప్లాటిన్‌తో మాత్రం చల్లని తొడుగులు వద్దు, కారణం ఇందాకే చెప్పాను.

నరాలు కీమో వల్లనే దెబ్బతినవు. రొమ్ము ఆపరేషన్‌లో చంక దగ్గరి నరం తెగి మోచేతికి పైభాగాన చెయ్యి లోపలి వైపు మొద్దుబారవచ్చు, మెడ ఆపరేషన్ తరువాత భుజం జారవచ్చు, రేడియేషన్ వల్ల కలిగే నష్టం ఏళ్ల తరువాత బయటపడవచ్చు. మధుమేహం, థైరాయిడ్ లోపం, మద్యం కూడా కలవవచ్చు, వాటిని విడిగా పరీక్షించాలి. కొన్ని లక్షణాలను మాత్రం కీమో తిమ్మిరేనని సరిపెట్టుకోవద్దు: ఒక వైపే రావడం, వెన్నునొప్పితో పాటు రెండు కాళ్లూ బలహీనపడటం, కూర్చునే భాగం మొద్దుబారడం, మూత్రం, మలం మీద పట్టు తప్పడం, ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే చికిత్స) తీసుకుంటున్నవారిలో కొద్ది రోజుల్లోనే బలహీనత కాళ్ల నుంచి పైకి ఎగబాకడం. ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతున్నప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

కుటుంబసభ్యులకు ఒక విన్నపం. ఈ కష్టం బయటికి కనిపించదు. జుట్టు తిరిగి వచ్చింది, ముఖం కళగా ఉంది, ఇంకా గ్లాసు జారవిడుస్తుందేమిటి అని విసుక్కోవడం తేలిక. గ్లాసు జారడానికి కారణం అజాగ్రత్త కాదు, పట్టు ఎంత బిగించాలో వేళ్లు మెదడుకు చెప్పలేకపోవడం. పిడి లావుగా ఉండే వస్తువులు, గుండీల బదులు అంటించే పట్టీలు, బరువైన వాటికి రెండు చేతులు, ఇలాంటి మార్పులను రోజువారీ పనులు చేసుకునే తీరు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు మీ ఇంటికీ ఉద్యోగానికీ తగినట్లు చూపిస్తారు. ఉద్యోగంలోకి తిరిగి వెళ్లేవారు తమకు సాధ్యం కాని పనులేమిటో వైద్యుడి చేత రాయించుకుని వెళ్లడం మంచిది.

ఇక చివరిగా, మీ ఫైలు గురించి. క్యాన్సర్ తిరిగి వచ్చి మళ్లీ మందులు ఎంచుకోవలసి వస్తే, నరాలను దెబ్బతీసే మందుల్లో ఏది, మొత్తం ఎంత మోతాదు, ఏ తేదీ వరకు మీ శరీరంలోకి వెళ్లిందో, దానివల్ల తిమ్మిరి ఎక్కడిదాకా పాకి ఎక్కడ ఆగిందో కొత్త వైద్యుడికి తెలియాలి, ఎందుకంటే ముందే సగం దెబ్బతిన్న నరం రెండోసారి త్వరగా లొంగిపోతుంది. చికిత్స ముగింపు పత్రంలో మందుల పేర్లు ఉంటాయి గానీ ఈ రెండో భాగం తరచుగా ఉండదు. తరువాతి సారి వెళ్లినప్పుడు దాన్ని రాయించుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.